అమ్మ పంతానికి జీపు చక్రాలు

పత్తికొండ చుట్టుపక్కల కారు నడపడంలో నన్ను మించినవాడు లేడని ఆ రోజుల్లో నేను గట్టిగా అనుకునేవాణ్ణి. ఇప్పుడూ అదే అనుకుంటాను. అప్పట్లో ఆ పక్క బాడుగ కార్లే అరకొర, ఇక పోటీకి వచ్చేదెవరని మీరు అనొచ్చు. అనండి. పోటీ లేకపోవడం నా తప్పు కాదు.

నా కారు యుద్ధానికి ముందు ఇంగ్లండులో తయారైంది. పైన గుడ్డ టాపు, పక్కన కాలు పెట్టి ఎక్కడానికి ఫుట్‌బోర్డు, ముందర పళ్ళేలంత లైట్లు. ఒక దొర తన దేశానికి వెళ్ళిపోతూ కర్నూల్లో అమ్మేస్తే, చేతులు మారి మారి నా దగ్గరికి చేరింది. టాపు విప్పి వెనక్కి మడిస్తే పెండ్లికొడుకూ పెండ్లికూతురూ ఊరంతటికీ కనబడతారు. అందుకని ముహూర్తాలు మొదలయ్యాయంటే నాకు అన్నం తినడానికి కూడా తీరిక ఉండేది కాదు. దానికి ఉన్న లోపమల్లా చక్రాలే. ఎత్తుగా, సన్నగా ఉండేవి. కంకర రోడ్డు మీద హాయిగా పోయేవి. ఇసుక తగిలితే మాత్రం దిగబడి అక్కడే కూర్చునేవి.

మా సీమలో ఇసుక దాటకుండా చేరుకునే పల్లె ఎక్కడుంది? ప్రతి ఊరికీ ముందర ఒక వంక. వానలప్పుడు నాలుగు రోజులు నీళ్ళు పారతాయి, మిగతా ఏడాదంతా మోకాలి లోతు ఇసుక. అందుకని ఒక అలవాటు ఉండేది. వంక గట్టున కారు ఆపి హారను కొడితే ఊళ్ళోంచి ఎవరో ఒకరు ఎద్దుల్ని తోలుకొచ్చి, ముందర మోకులు కట్టి అవతలికి లాగేవాళ్ళు. అంతసేపూ నేను ఇంజను ఆపి, స్టీరింగు పట్టుకుని, ఎద్దుల తోకలు చూస్తూ కూర్చోవాలి. అందరికీ అది మామూలే. నాకు మాత్రం తల కొట్టేసినట్టుండేది.

అయినా నేను చక్రాలు మార్చింది నా తలవంపు కోసం కాదు, మా అమ్మ కోసం.

అమ్మ పుట్టిల్లు అలాంటి ఒక వంక అవతలే ఉంది. పొద్దున బయల్దేరి నడిస్తే మధ్యాహ్నానికి చేరేంత దూరం. మా తాత, అంటే అమ్మ వాళ్ళ నాయన, పోయినప్పుడు నాకు ఇంకా కారు లేదు. తాతకు బాగాలేదు, చూపులు తప్పుతున్నాయని కబురు వచ్చింది. మా పక్క ఆడబిడ్డకు కబురు ఒక్కటే పంపితే సరిపోదు, వెనకాలే బండి పంపాలి. బండి రాకుండా పెండ్లయిన బిడ్డ కాలినడకన పుట్టింటికి పోతే, మొగుడు తరిమేశాడేమోనని దారి పొడుగునా జనం గుసగుసలాడతారు. అమ్మ చీర మార్చుకుని, మూట కట్టుకుని వాకిట్లో అరుగు మీద కూర్చుంది. పొద్దు గూకింది, బండి రాలేదు. తెల్లారింది, అప్పుడూ రాలేదు. అది వచ్చేసరికి తాతను మట్టిలో పెట్టేశారు.

ఎద్దుల్ని మా మామ చేనికి తోలాడు. మామ అమ్మకు తమ్ముడు. ముందురోజే వాన పడింది. నల్లరేగడిలో పదును రెండు మూడు రోజుల కంటే నిలవదు, ఆ పదునులో విత్తనం పడకపోతే ఏడాదంతా పస్తు. ముసలాయన ఇంకో రెండు రోజులు ఉంటాడులే అని మామ అనుకున్నాడు. ఇద్దరి వైపూ చూస్తే ఎవరినీ తప్పు పట్టలేం. అమ్మ మాత్రం పట్టింది. నాయన ముఖం చివరిసారి చూడనివ్వని ఎద్దులు కట్టిన బండి జన్మలో ఎక్కనంది. అన్నట్టే ఏళ్ళ తరబడి పుట్టింటి గడప తొక్కలేదు.

నేను కారు కొన్న కొన్నేళ్ళకు మామ పెద్దకూతురికి పెండ్లి కుదిరింది. మా ఇండ్లల్లో పెండ్లికూతురికి మొదటి నలుగు మేనత్తే పెట్టాలి. మామే స్వయంగా కుంకుమ భరిణె పట్టుకుని పిలవడానికి వచ్చాడు. అమ్మది అరిచే కోపం కాదు, అన్నం వడ్డించే కోపం. తమ్ముడికి పీట వేసింది, సంగటి పెట్టింది, నెయ్యి కూడా వేసింది. వడ్డించి అవతలికి తిరిగి కూర్చుంది. మామ చెయ్యి కడుక్కున్నాక మెల్లగా కదిపాడు.

"అక్కా, నలుగు పొద్దు తెల్లార్తోనే బండి పంపిస్తా."

"నాకొద్దు నీ బండి. ఆ పొద్దు రాని బండి ఇప్పుడేమిటికి?"

"మరెట్ల వస్తావు? నీవు రాకుంటే పాపకు నలుగు పెట్టేదెవురు?"

"వస్తాలే. నా కొడుకు కార్లో వస్తా. మీ ఊరి ఎద్దు ఒక్కటన్నా నన్ను లాగకూడదు. ఎవురన్నా మోకు కట్టినారా, ఆన్నించే ఎనక్కి తిరుగుతా. మళ్ళీ పిలవాకు నన్ను."

మామ నా వైపు తిరిగాడు. "ఏమప్పా, వంక దాటుతాదా నీ కారు?"

"దాటుతాది మామా," అన్నాను.

దాటదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ముందు మాట అనేసి తర్వాత దారి వెతుక్కోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. అయితే ఈసారి వెతుక్కోక తప్పదు. ఇసుకలో దిగబడితే అమ్మ నిజంగానే వెనక్కి తిరుగుతుంది. మేనకోడలి పెండ్లికే పోని మనిషి ఇక దేనికి పోతుంది? అక్కా తమ్ముళ్ళు మళ్ళీ కలవడానికి అంతకంటే మంచి సాకు దొరకదు.

అప్పటికి కర్నూలు కొత్తగా రాజధాని అయింది. డేరాల్లో ఆఫీసులు, బాడుగకు ఇండ్లు దొరకని గుమాస్తాలు, ఏ సందు చూసినా దుమ్ము లేపుకుంటూ పోయే జీపులు. రాజధాని వల్ల మనకేం ఒరిగిందని టీ అంగళ్ళలో జనం తెగ వాదించుకునేవాళ్ళు. నాకైతే నాలుగు చక్రాలు ఒరిగాయి. మిలిటరీ వేలంలో వచ్చిన పాత జీపు చక్రాలు ఒక షెడ్డులో పడి ఉన్నాయి. నా వాటికంటే పొట్టి, వెడల్పు మాత్రం దాదాపు ఒకటిన్నర రెట్లు. చూడగానే నాకు అవి వంక ఇసుక మీద పోతున్నట్టే కనబడ్డాయి.

షెడ్డు సాయిబు నాకు పాత స్నేహితుడు. నాలాగే ఆయనకూ తనకు తెలియనిది లేదని నమ్మకం. కాబట్టి మా ఇద్దరికీ ఒక్కరోజు కూడా వాదన లేకుండా గడవలేదు.

"ఏమప్పా, సన్నకాళ్ళ పిల్లకు ఏనుగు కాళ్ళు పెట్టమంటాండావే! ఎవురన్నా చూస్తే నవ్వుతారు," అన్నాడు.

"నవ్వనీ. నీకు చేతనవుతాదా కాదా, అది చెప్పు."

ఆ మాట అన్నాక ఆయన ఆగుతాడా? చేతికి సుత్తి తీసుకున్నాడు.

చక్రాలు ఊరికే బిగించేస్తే సరిపోయేవి కావు. జీపు చక్రానికి బోల్టు రంధ్రాలు ఒక చోట, నా కారు హబ్బుకు మరో చోట. సాయిబు నా పాత చక్రాల నడిమి పళ్ళేలు కోసి తీశాడు. జీపు చక్రాల నడుములు కోసి అవతల పారేశాడు. నా పళ్ళేలను ఆ వెడల్పు రిమ్ముల్లో కూర్చి గ్యాసు వెల్డింగు పెట్టాడు. పళ్ళెం వెంట్రుకవాసి పక్కకు జరిగినా చక్రం కుంటుతుంది. అందుకని కారును జాకీ మీద లేపి, చక్రం తిప్పి, అంచుకు దగ్గరగా సుద్దముక్క పట్టుకునేవాళ్ళం. ఎక్కడ సుద్ద అంటితే అక్కడ వంకర అన్నమాట. అక్కడ ఒక దెబ్బ, మళ్ళీ తిప్పడం, మళ్ళీ సుద్ద. చాల్లే అని ఆయన, చాలదు అని నేను. ఆఖరికి సుద్ద ఎక్కడా అంటకుండా చక్రం నిశ్శబ్దంగా తిరిగినప్పుడు ఇద్దరం ఒకేసారి బీడీలు ముట్టించాం.

తర్వాత స్టీరింగు పూర్తిగా తిప్పి చూస్తే ముందు టైరు మడ్‌గార్డు అంచుకు రాసుకుంది. ఆ అంచును సుత్తితో బయటికి మడిచాం. రంగు పెచ్చులు పెచ్చులుగా రాలింది. నాకు ప్రాణం ఉసూరుమంది కానీ పైకి చూపించలేదు. అంతా అయ్యాక దూరంగా నిలబడి చూశాను. దొర తన బూట్లు విప్పేసి మన రైతు కిర్రుచెప్పులు తొడుక్కున్నట్టుంది. నాకైతే మునుపటి కంటే ముద్దొచ్చింది.

అక్కడినుంచి తిన్నగా హంద్రీ ఏటికి తోలాను. టైర్లలో గాలి కొంచెం తగ్గించి, రెండో గేరులో ఇసుకలోకి దింపాను. సాయిబు ఫుట్‌బోర్డు మీద నిలబడ్డాడు. దిగబడలేదు! ఇసుక పక్కలకు ఒత్తుకుని టైర్ల కింద చాపలా పరుచుకుంది. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు, ఆ గట్టు నుంచి ఈ గట్టుకు తిప్పాను. బట్టలుతికే వాళ్ళు పని ఆపి చూశారు. "వాహ్ రే వాహ్," అని సాయిబు టాపు మీద చరిచాడు. ఆ పూట మా ఇద్దరి బుర్రల్లోనూ ఇసుక తప్ప ఇంకేమీ లేదు. ఆ సంగతి తర్వాత తెలిసొచ్చింది.

నలుగు రోజు పొద్దున్నే అమ్మా నేనూ బయల్దేరాం. మా నాయన ముందురోజే మామ పంపిన బండిలో వెళ్ళిపోయాడు. ఆయనకు ఏ ఎద్దులైనా ఒకటే. అమ్మ వెనక సీట్లో పట్టుచీర కట్టుకుని, సారె బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బుట్టలో మేనకోడలికి చీర, రవికె గుడ్డ, పసుపు కుంకుమలు, ఒక బెల్లం అచ్చు. దారిలో ఆమె అడిగింది ఒక్కటే. "దాటుతాదా రా?"

"నీవు గట్టిగా పట్టుకోని కూచో మా, సాలు."

వంక గట్టున అప్పటికే జనం ఉన్నారు. నేను హారను కొట్టకముందే ఎవరో ఎద్దుల్ని కూడా తెచ్చి పెట్టారు. కిటికీలోంచి చెయ్యి ఊపి పక్కకు తప్పుకోమన్నాను. రెండో గేరు వేశాను. ఇసుకలో తోలడానికి రహస్యం ఏమీ లేదు. ఆగకూడదు, స్టీరింగు అటూ ఇటూ తిప్పకూడదు, భయపడకూడదు. కారు గట్టు దిగింది. ఒకసారి వెనక భాగం పక్కకు జారింది, మళ్ళీ సర్దుకుంది. ఇంజను మోత తప్ప ఏమీ వినబడలేదు. నడిమికి వచ్చాం, నడిమి దాటాం, అవతలి గట్టు ఎక్కేశాం. వెనక జనం కేకలు, ఈలలు. తిరిగి చూస్తే అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చిన్నపిల్లలా నవ్వుతోంది. ఆ ఊరి పేరు వింటేనే ముఖం ముడుచుకునే మనిషి. కారు కొన్ననాడు కూడా నాకు అంత సంతోషం కలగలేదు. ఇంగ్లండు దొరలు చేసిన కారును నేను మనిషిని చేశాను అనిపించింది.

గట్టు దిగి మలుపు తిరిగితే ఊరు కనబడింది. మామ ఇంటి ముందు పెండ్లికి వేసిన చప్పరం, కట్టిన మామిడాకులు కూడా కనబడ్డాయి. డోలు వినబడుతోంది. మధ్యలో ఉన్నది కాస్త నల్లరేగడి దారి. అంతే.

ఆ దారిలో గాడి ఉంది. ఎండాకాలంలో ఒక వాన పడితే ఎద్దుల బండ్ల ఇనుపకమ్మీ చక్రాలు రేగడిని రెండు గీతలుగా కోసుకుంటూ పోతాయి. ఎండ కాస్తే ఆ గీతలు రాయిలా గట్టిపడతాయి. దాన్నే గాడి అంటారు. నా పాత సన్న చక్రాలు గాడిలో పడితే పట్టాల మీద రైలులా పోయేవి, నేను స్టీరింగు పట్టుకోనక్కర కూడా లేదు. ఏళ్ళ తరబడి రేగడి దారుల్లో కారును గాడే నడిపిందని, నేను కాదని నాకు అప్పటిదాకా తట్టలేదు. ఈ వెడల్పు చక్రాలు గాడిలో పట్టవు. కాసేపు అంచుల మీద పోయాయి. తర్వాత అంచు పెళుక్కున విరిగింది. కారు ఒక పక్కకు దభీమని దిగి, టైర్లు సీసాకు బిరడా బిగించినట్టు రెండు గోడల మధ్య ఇరుక్కున్నాయి. ముందుకు తోలితే క్లచ్చు కాలిన వాసన. వెనక్కి తోలితే అదే వాసన.

ఊళ్ళో డోలు ఆగింది. అందరూ మమ్మల్నే చూస్తున్నారు. అమ్మ నవ్వు ఎప్పుడో ఆగిపోయింది.

మామ వస్తున్నాడు. ఇస్త్రీ చేసిన తెల్లపంచె, తలగుడ్డ, భుజాన మోకు, ముందర ఎద్దులు. అవి ఆ రోజు చేనికి పోయిన ఎద్దులే. ఇప్పుడు ముసలివైపోయి మెల్లగా నడుస్తున్నాయి. అమ్మ వాటిని చూడగానే ముఖం పక్కకు తిప్పుకుంది.

"ఎనక్కి తిప్పు రా కారు."

"ఎట్ల తిప్పేది మా? ముందరికీ పోదు, ఎనక్కీ పోదు."

"అయితే ఈడ్నే కూచుంటా. పాపను ఈడికే పిల్చుకోని రా, నలుగు ఈడ్నే పెడతా."

అన్నదంటే చేస్తుంది. పెండ్లికూతుర్ని పీటతో సహా రేగడి దారిలోకి మోసుకురావడం నా కళ్ళకు కట్టింది.

ఆ మాట మామకు వినబడింది. ఎద్దుల్ని నిలిపేశాడు. తర్వాత వాటిని పక్కకు తోలి తుమ్మచెట్టుకు కట్టేశాడు. మోకు కింద పడేశాడు. తలగుడ్డ విప్పి నడుముకు చుట్టుకున్నాడు. కారు వెనక్కి పోయి భుజం ఆనించాడు.

"ఎద్దులు వద్దన్న్యావు గదక్కా. నేను తోస్తే తప్పు ల్యాదు గదా."

తోశాడు. కారు కదల్లేదు. రేగడి దుమ్ము ఆ తెల్లపంచె నిండా అయింది. నేను దిగి రెండో పక్క భుజం పెట్టాను. అయినా కదల్లేదు. మామ తల పైకెత్తకుండా, కారు వెనక డబ్బాతో మాట్లాడుతున్నట్టు మాట్లాడాడు.

"ఆ పొద్దు శానా పదునుండె అక్కా. ఎద్దుల్ని ఇడిసేదెట్ల, ఇడిసేదెట్ల అని అదే ఆలోచన చేసినా. నాకు రెండు కాళ్ళుండాయని తోచల్యా. ఉరుక్కుంటా నేనే వచ్చి చెయ్యి పట్టుకోని పిల్చుకుపోయింటే అయిపోతాండె. ఇన్నేండ్లూ అదే అనుకుంటాండా."

కారు వెనక తలుపు తెరుచుకుంది. అమ్మ ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టి కిందికి దిగింది. బుట్ట తమ్ముడి చేతికిచ్చింది.

"నేను మాత్రం? బండొస్తాది బండొస్తాది అని రెండు పొద్దులు వాకిట్లో కూచున్న్యా. నాకు కాళ్ళు ల్యాకనా? నడిసింటే నాయన ముఖం చూస్తాంటి." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "దా, పోదాం. పాప పీట మీద కూచోనుంటాది."

"నడిసి వస్తావా అక్కా? ఊరంతా చూస్తాండారు."

"చూడనీ."

మామ బుట్ట నెత్తిన పెట్టుకున్నాడు. ఇద్దరూ బయల్దేరారు. గాడిలో ఒక గీతలో అమ్మ, ఇంకో గీతలో మామ. నన్ను రమ్మని గానీ, ఉండమని గానీ ఎవరూ అనలేదు. నేనొకణ్ణి ఉన్నానని కూడా వాళ్ళకు గుర్తులేదు. నాకు ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

వాళ్ళు చప్పరం కింద కలిసిపోయాక నేనూ కారూ మిగిలాం, తుమ్మచెట్టు కింద ఎద్దులు మిగిలాయి. అవి నన్ను చూశాయి. నేను వాటిని చూశాను. పంతం అమ్మది. నాకూ కారుకూ ఎవరి మీదా ఏ పంతమూ లేదు. వాటిని విప్పుకొచ్చి మోకు కట్టాను. ఇంజను వేసి ఒకటో గేరులో పెట్టి, కిటికీలోంచి అదిలించాను. ముసలివే గానీ సత్తువ ఉంది. ఒక్క గుంజుతో గాడి గోడ పగిలి కారు పైకి లేచింది. ఆ తర్వాత చప్పరం దాకా ఎప్పటిలాగే తోకలు చూస్తూ పోయాను.

లోపల నలుగు అయిపోయింది. పసుపు చేతులతో అమ్మ బయటికి వచ్చి, కారునూ ముందరి ఎద్దులనూ చూసి ఆగిపోయింది.

"నిన్ను లాగల్యా మా. ఒట్టి కారునే లాగినాయి," అన్నాను ముందుజాగ్రత్తగా.

అమ్మ లోపలికి పోయి బెల్లం అచ్చు తెచ్చి, గడప మీద కొట్టి, పెద్ద ముక్క ఒకటి ఒక ఎద్దు నోటికి, ఇంకోటి రెండోదాని నోటికి అందించింది. "ముసిలివైపోయినారే," అని వాటి నొసళ్ళు నిమిరింది. రెండింటికీ అమ్మ చేతి పసుపు అంటుకుంది. మామ చప్పరం గుంజ పట్టుకుని అటువైపు తిరిగి నిలబడ్డాడు.

పెండ్లి అయ్యాక తిరుగు ప్రయాణంలో అమ్మ నా కారు ఎక్కలేదు. తమ్ముడి బండిలో, గడ్డి పరిచిన మెత్త మీద, ఆయన పక్కనే కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ వచ్చింది. అంత కష్టపడి చక్రాలు వేయించిన నేను ఖాళీ కారు తోలుకుంటూ వెనక వచ్చాను, గాడికి దూరంగా, చేలగట్ల పక్కన. వంక దగ్గర మాత్రం ఊరుకోలేదు. ఎద్దులు గిట్టలు ఈడ్చుకుంటూ నడుమకు రాకముందే, రెండో గేరులో వాటి పక్కనుంచి దూసుకుపోయి, అవతలి గట్టు ఎక్కి, హారను మోగించాను.